ఆవిడ నడిపితే ఆగని కారు

ఆ రోజు పని చాలా చిన్నది. తొమ్మిదింటికి బయలుదేరాలి. పదకొండింటికి వాహనాల తనిఖీ మైదానంలో కారు చూపించాలి. కాగితం మీద ముద్ర వేయించుకోవాలి. ఒంటిగంటకల్లా ఇంటికొచ్చి భోంచేయాలి. స్టోర్‌కీపరు ఈ నాలుగు ముక్కలనూ ఒక చీటీ మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాడు. ఒక్కోదాని పక్కన టిక్కు పెట్టుకోవడానికి స్కేలుతో ఒక గడి కూడా గీశాడు. ఆ గళ్లలో ఎన్ని నిండుతాయో ముందే తెలిస్తే ఆయన స్కేలు బయటికి తీసేవాడే కాదు.

కారు వయసు పంతొమ్మిదేళ్లు. నెల కిందట ఇదే తనిఖీకి తీసుకెళితే, అధికారిని పక్కన కూర్చోబెట్టుకుని స్టోర్‌కీపరు నడిపిన వంద గజాల గతుకుల దారిలో అది మూడుసార్లు ఆగిపోయింది. అధికారి దిగి ప్యాంటు దులుపుకుని, "నెల గడువిస్తున్నా. బాగుచేయించి తీసుకురండి. ఈసారి నేనే నడిపి చూస్తా. అప్పుడూ ఆగిందంటే నంబరు రద్దు. ఇటు నుంచి ఇటే తుక్కులోకి," అన్నాడు. ఆ నెలకు ఈ రోజే ఆఖరు.

పోతే పోనీ అనుకోవడానికి అది స్టోర్‌కీపరు కారు కాదు, ఆయన భార్యది. ఆవిడ ఫిజియోథెరపిస్టు. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లకూ, భుజాలు పట్టేసినవాళ్లకూ ఇళ్లకు వెళ్లి వ్యాయామాలు చేయిస్తుంది. రోజుకు ఆరిళ్లు. మడతబల్ల, రబ్బరు పట్టీలు, కాళ్లకు కట్టే ఇసుక బరువులు అన్నీ ఆ కారు డిక్కీలోనే ఉంటాయి. అవన్నీ మోసుకుని బస్సెక్కితే ఆరిళ్లు రెండిళ్లవుతాయి, మిగతా నలుగురూ మంచాల మీదే ఉండిపోతారు. నలభై రెండో ఏట భయపడుతూ భయపడుతూ ఆవిడ డ్రైవింగ్ నేర్చుకున్నది కూడా ఆ కారులోనే. అది తుక్కులోకి పోతే ఆవిడ కాళ్లు విరగ్గొట్టినట్టే.

ఇక స్టోర్‌కీపరు. ఒక పెద్ద ఆసుపత్రి గిడ్డంగిలో ముప్ఫై మూడేళ్లు పనిచేసి ఆరు నెలల కిందట రిటైరయ్యాడు. అన్నేళ్లలో ఒక్క సూది కూడా లెక్క తప్పిపోలేదు. కంటితో చూసి బరువు చెప్పేసేవాడు. ఆఖరి రోజు నడుముకు వేలాడే తాళాల గుత్తిని అప్పగించి ఇంటికొచ్చిన మనిషి వారం రోజులు ఒక పక్కకు ఒరిగి నడిచాడు. భద్రంగా చూసుకోవడానికి ఏదీ లేని మనిషి ఎందుకూ పనికిరాడనిపించి, ఆ వారం ఆయన నిజంగానే దిగులుపడ్డాడు. రెండో వారం హార్డ్‌వేర్ షాపుకు వెళ్లాడు. బీరువాలకు, అలమరాలకు, నీళ్ల ట్యాంకు మూతకు, ఉత్తరాల డబ్బాకు, చెప్పుల స్టాండుకు, చివరికి ఉల్లిపాయల బుట్టకు కూడా తాళం పడింది. తాళంచెవులన్నీ ఒకే ఇనుప రింగులోకి చేరాయి. ఒక్కోదానికీ నంబరు చెక్కిన రేకు బిళ్ల. కారు తాళంచెవిది ఆ కుటుంబంలో పదిహేడో నంబరు. గుత్తిని ఆయన ఎవరి చేతికీ ఇవ్వడు కనుక, భార్య తన రెండో తాళంచెవిని ఒక ఆకుపచ్చ రిబ్బను ముక్కకు కట్టుకుని బ్యాగులో వేసుకు తిరిగేది.

కారుకు జబ్బు ఆ తర్వాతే పట్టుకుంది. చక్కగా పోతూ పోతూ, ఏ గతుకు దగ్గరో ఏ మలుపులోనో ఇంజను టక్కున ఆగిపోతుంది. రేడియో మాట మధ్యలో నోరు మూసుకుంటుంది. స్టీరింగు వెనక దీపాలన్నీ ఆరిపోతాయి. మళ్లీ తాళం తిప్పగానే, ఏమీ ఎరగనట్టు బుద్ధిగా స్టార్టవుతుంది. మోటార్లకు వైండింగు చేసే షాపున్న బావమరిది మొదటి రోజే తీర్పు చెప్పేశాడు: "కరెంటుకి అబద్ధం చెప్పడం రాదు బావా. ఎక్కడో లూజు కాంటాక్టు ఉంది. ఆ ఎక్కడో ఎక్కడన్నదే తేలాలి."

అది తేల్చడానికి స్టోర్‌కీపరు నడుం కట్టాడు. ఉడుంపట్టు మనిషి. బ్యాటరీ మార్చాడు. ఎవరో దాని బిగింపులు వదులు చేస్తున్నారేమోనని దానికో తాళం వేశాడు. ఎర్తు వైరు మార్చి, బానెట్‌కు గొలుసూ తాళమూ బిగించాడు. పెట్రోల్లో నీళ్లు కలుస్తున్నాయేమోనని ట్యాంకు మూతకు ఇంకో తాళం. ఫ్యూజులు మార్చాడు, రిలేలు మార్చాడు, పనిముట్ల పెట్టె కొన్నాడు, దానికీ తాళం. ఆగినచోట తడుముకోకుండా చేతికందాలని వేలెడంత టార్చి, మడత స్క్రూడ్రైవరు, టెస్టరు కూడా అదే గుత్తికి తగిలించాడు. విచిత్రమేమిటంటే, వైద్యం జరిగేకొద్దీ జబ్బు ముదిరింది.

వీధి చివర షెడ్డులో ఒక మెకానిక్ ఉన్నాడు. ఏ బండి తెచ్చినా "రేపు చూద్దాం సార్" అంటాడు కనుక ఆయన్ను అందరూ 'రేపు మెకానిక్' అంటారు. కారును అక్కడ తొమ్మిది రోజులు ఉంచారు. ఇంటి తాళాలన్నీ ఉన్న గుత్తిని పరాయి షెడ్డులో వదలడం స్టోర్‌కీపరు కలలో కూడా చేయని పని. అందుకని రిబ్బను తాళంచెవి ఇచ్చాడు. మెకానిక్ ఆ తొమ్మిది రోజులూ కారును టీలకు, భోజనాలకు, ఒకసారి చుట్టాలింటికి కూడా తిప్పి, "దీనికే రోగమూ లేదు సార్. నా దగ్గర పువ్వులా పోతోంది," అని తిరిగి అప్పజెప్పాడు. స్టోర్‌కీపరు దాన్ని షెడ్డు గేటు దాటించాడో లేదో ఆగింది.

ఆగిన ప్రతిసారీ ఆయన ఒక నోటుపుస్తకంలో వివరాలు ఎక్కించేవాడు. తేదీ, గంట, వీధి, ఎండా వానా, పెట్రోలు ఎంతుంది, రేడియోలో ఎవరు మాట్లాడుతున్నారు, కారులో ఎవరెవరున్నారు. మొదటి నెలలో రెండుసార్లు. రెండో నెలలో మూడుసార్లు. ఈ ఆఖరి నెలలో పద్నాలుగు. మొత్తం ముప్ఫై ఒకటి. ఆ ముప్ఫై ఒకటిలోనూ భార్య నడిపినప్పుడు ఆగింది ఒక్కటీ లేదు.

ఆ ఉదయం కాఫీ దగ్గర ఈ సంగతే మళ్లీ వచ్చింది.

"ఏమండీ, నాతో అది ఒక్కసారీ ఆగలేదు కదా. పదిన్నరకి పేషంటు ఇంటి దగ్గర పని అయిపోతుంది. నేనే తీసుకెళ్లి చూపిస్తాను, మీరు ఇంట్లో ఉండండి," అంది భార్య.

"అసలు సమస్యే అది. నీతో ఎందుకు ఆగడంలేదు?"

"నాకు నడపడం వచ్చు కనక."

"అంటే నాకు రాదనా?"

"నేనేమీ అనలేదు. ఆడలేక మద్దెల ఓడు అని పెద్దవాళ్లెవరో అన్నారు."

స్టోర్‌కీపరు ఆ మాట పట్టించుకోలేదు. నోటుపుస్తకం తెరిచి, పెన్ను మూత తీసి, చాలా మామూలుగా, ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగినంత మామూలుగా అడిగాడు. "నీ బరువెంత?"

కాఫీ కప్పు బల్ల మీదకు దిగింది. ఆవిడ తమ్ముడు, అంటే మన వైండింగు బావమరిది, అప్పుడే టెస్టింగు మీటరు పట్టుకుని లోపలికొచ్చినవాడు, వచ్చినదారినే నాలుగడుగులు వెనక్కి వేశాడు.

"ఏమడిగారు?"

"కోపం తెచ్చుకోకు. ఇది శాస్త్రం. నువ్వు కూర్చుంటే ఆగని కారు నేను కూర్చుంటే ఆగుతోంది. తేడా ఎక్కడ? బరువులో! డ్రైవరు సీటు కింద నుంచి ఒక వైరు పోతుంది. నీ బరువుకి అది నొక్కుకుని కాంటాక్టు గట్టిగా ఉంటోంది. నేను కూర్చుంటే వదులవుతోంది. నీకూ నాకూ తేడా ఎంతో చెబితే..."

"ఇరవై ఆరేళ్లు కాపురం చేశాను. ఈ మాట మా అమ్మ కూడా అడగలేదు," అంటూ ఆవిడ బ్యాగు భుజాన వేసుకుంది. "కారు మీరే తగలేసుకోండి. నేను బస్సులో పోతాను. పదకొండింటికి మైదానం దగ్గరుంటాను, నా పేరు మీదుంది కనక సంతకం నేనే పెట్టాలి. ఒక్కటి మాత్రం వినండి. ఇవాళ ఆ ముద్ర పడకపోతే రేపటి నుంచి నా మడతబల్ల మీరు మొయ్యాలి." తలుపు గట్టిగా పడింది. అంత గట్టిగా పడ్డా దాని తాళం చెక్కుచెదరలేదు, మంచి తాళం.

ఆవిడ చెప్పకపోయినంత మాత్రాన ఆగిపోయే మనిషా! గిడ్డంగిలో పీపాలనూ మూటలనూ కంటితో తూచిన అనుభవం ఊరికే పోలేదు. కళ్లు సగం మూసి, వెళ్లిపోతున్న భార్యను కిటికీలోంచి చివరిదాకా చూసి, "పద్నాలుగు కేజీలు," అన్నాడు.

"అక్కకి తెలిస్తే మనిద్దరికీ మూడుతుంది బావా," అన్నాడు బావమరిది. అయినా డిక్కీ తెరిచాడు. రెండేసి కేజీల ఇసుక బరువులు ఏడు దొరికాయి. రెండు పిక్కలకు, రెండు తొడలకు, మూడు నడుం చుట్టూ. వాటి పైన చొక్కా గుండీలు పెట్టుకుని స్టోర్‌కీపరు నడిచొస్తుంటే, పక్కింటావిడ ఒక్కరోజులో ఈయనకు ఇంత ఒళ్లెలా వచ్చిందా అని చూస్తూ నిలబడిపోయింది. కారెక్కడానికే మూడు నిమిషాలు పట్టింది. ఫ్రిజ్ మీది మొదటి గడికి టిక్కు పెట్టడం మర్చిపోయారు.

వీధి చివర స్పీడు బ్రేకరు దగ్గర కారు టక్కున ఆగింది.

"ముప్ఫై రెండు," అన్నాడు స్టోర్‌కీపరు పుస్తకం తీసి రాసుకుంటూ. ఆయన గొంతులో నిరాశ లేదు, పని మాత్రమే ఉంది. "అంటే సీటు వైరుతో పాటు ఇంకోటి కూడా ఉంది."

"ఇంకోటి కాదు బావా, అన్నీ పాతబడ్డాయి. నన్ను ఒక్క పావుగంట వదిలెయ్. బ్యాటరీ నుంచి డైరెక్టు లైను ఇచ్చేస్తా. అప్పుడెలా ఆగుతుందో చూద్దాం." బావమరిది ఫ్యూజుల పెట్టె మూత ఊడదీసి, మూడు వైరు ముక్కలను అటు నుంచి ఇటూ ఇటు నుంచి అటూ కలిపాడు. మిగిలిన రెండు వైర్లు, ఎందుకైనా మంచిదని, వెనక సీట్లో కూర్చుని నోట్లో పట్టుకున్నాడు.

బ్రేకు తొక్కే అవసరం రాకముందే, నాలుగురోడ్ల కూడలి దగ్గర ముప్ఫై మూడు. అది కూడా స్టోర్‌కీపరును కదిలించలేదు. ఆయన్ను కదిలించింది ఆ తర్వాత జరిగినది. మళ్లీ స్టార్టు చేసి బ్రేకు మీద కాలు పెట్టగానే హారన్ బొయ్యిమంది. ఉలిక్కిపడి ఎడమ పక్కకు తప్పుకుందామని సిగ్నల్ దీపం వేస్తే, ఎర్రటి ఎండలో వైపర్లు అటూ ఇటూ ఊడ్చడం మొదలెట్టాయి.

ముందు ఒక పెద్దాయన సైకిలు మీద నింపాదిగా పోతున్నాడు. ఆయన్ను గుద్దకుండా ఉండాలంటే బ్రేకు వేయాలి. బ్రేకు వేస్తే హారన్ మోగుతుంది. మొదటిసారికి పెద్దాయన వెనక్కి చూశాడు. రెండోసారికి ఏదో అన్నాడు. ఐదోసారికి సైకిలు దిగి, రోడ్డు మధ్యలో స్టాండు వేసి, నడుం మీద చేతులు పెట్టుకుని కారుకు ఎదురుగా నిలబడ్డాడు. "కొట్టు. ఇంకా కొట్టు. ఇక్కడే ఉంటా."

కారు పూర్తిగా ఆగాలి కనుక స్టోర్‌కీపరు బ్రేకు మీద కాలు తీయలేదు. అందుకని హారన్ కూడా ఆగలేదు. వెనక పది బండ్లు నిలిచాయి, వాటి వెనక ఒక బస్సు నిలిచింది. ట్రాఫిక్ కానిస్టేబులు ఈల ఊదుకుంటూ వచ్చాడు.

"హారన్ ఎందుకు కొడుతున్నారు?"

"కొట్టడంలేదండీ. బ్రేకు వేస్తున్నా."

"బ్రేకు వేస్తే హారన్ ఎందుకు మోగుతుంది?"

"అది మా బావమరిదండీ."

కానిస్టేబులు వెనక సీట్లోకి వంగి చూశాడు. ఒక మనిషి, నోట్లో ఎర్ర వైరొకటి, నల్ల వైరొకటి. నోరు తెరిస్తే వైర్లు పడిపోతాయని ఆ మనిషి కళ్లతోనే నమస్కారం పెట్టాడు. కానిస్టేబులు మొహం మారింది. "సార్, మీరు హ్యాండ్‌బ్రేకు వేసి మెల్లగా కిందికి దిగండి."

ఇంజను ఆపితే మళ్లీ ఏమవుతుందోనని దాన్ని అలాగే తిరగనిచ్చి, స్టోర్‌కీపరు మెల్లగానే దిగాడు. పద్నాలుగు కేజీలతో మెల్లగా కాక ఎలా దిగుతాడు? దిగేటప్పుడు చొక్కా గుండీ ఒకటి తెగి, నడుం చుట్టూ పట్టీలూ మూటలూ బయటపడ్డాయి.

"చొక్కా కింద ఏంటవి?"

"మా ఆవిడండీ."

కానిస్టేబులు నాలుగడుగులు వెనక్కి వేశాడు. చుట్టూ చేరిన జనం ఎనిమిదడుగులు వేశారు. అంతసేపూ పర్వతంలా నిలబడిన సైకిలు పెద్దాయన, సైకిలును అక్కడే వదిలేసి ఫుట్‌పాత్ ఎక్కాడు.

"అంటే ఆవిడ బరువండీ!" స్టోర్‌కీపరు గొంతు పెంచాడు. "ఇసుక! ఉత్త ఇసుక! నాకూ మా ఆవిడకూ పద్నాలుగు కేజీలు తేడా. ఆవిడ కూర్చుంటే కారు ఆగదు..."

"తొమ్మిది!"

ఆ కేక ఆగిన బస్సు కిటికీలోంచి వచ్చింది. జనమంతా ఒక్కసారి అటు తిరిగారు. పేషంటు పని ముగించుకుని మైదానానికి పోతున్న ఆవిడ కిటికీలో ఉంది. దారికడ్డంగా ఎవడు చచ్చాడురా అని బస్సులో అందరితో పాటు విసుక్కుంటూ తల బయటపెట్టి, చూడాల్సింది చూసేసింది.

"పద్నాలుగు కాదు, తొమ్మిది!" అంటూ ఆవిడ బస్సు దిగి వచ్చింది. కానిస్టేబులు చేతిలో తన గుర్తింపు కార్డు పెట్టి, భర్త నడుం నుంచి ఒక మూట విప్పి, కొంచెం ఇసుక రాల్చి చూపించింది. "ఇది వ్యాయామాల బరువండీ. వెనక కూర్చున్నవాడు నా తమ్ముడు. ఒరేయ్, ముందు ఆ వైర్లు ఉమ్మెయ్. నువ్వు పెట్టినవన్నీ పీకి, ఏది ఎక్కడుండేదో అక్కడ పెట్టు. ఐదు నిమిషాలు ఇస్తున్నా."

"ఈయన మీవారేనామ్మా?" అన్నాడు కానిస్టేబులు, కార్డు తిరిగిస్తూ.

"ప్రస్తుతానికి," అంది ఆవిడ.

తమ్ముడికి నాలుగు నిమిషాలు చాలాయి. బ్రేకు బ్రేకయింది, హారన్ హారనయింది. పదీ నలభై అయిపోయింది. స్టోర్‌కీపరు పుస్తకంలో 'సీటు వైరు' అన్న మాట కింద, 'భార్య బరువు పొరపాటున ఎక్కువ తీసుకోబడినది, మళ్లీ పరీక్షించాలి' అని రాసుకుని మళ్లీ స్టీరింగు పట్టుకున్నాడు. ఆవిడ వెనక సీట్లో కూర్చుని దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. అలాంటి మౌనంలో కారు కూడా ఆగే సాహసం చేయలేదు.

మైదానంలో అదే అధికారి, అదే ప్యాంటు. వీళ్ల వెనక పదకొండు బండ్లు వరసలో ఉన్నాయి. "బానెట్ తెరవండి, ఇంజను నంబరు చూడాలి," అన్నాడు. స్టోర్‌కీపరు కారు ఆపి గుత్తి బయటికి లాగాడు. బానెట్ గొలుసు తాళంచెవి ముప్ఫై ఎనిమిదో నంబరా, ముప్ఫై తొమ్మిదా? ముప్ఫై ఎనిమిది పట్టలేదు. ముప్ఫై తొమ్మిది ఉల్లిపాయల బుట్టది. ఆయన ఒక్కో బిళ్లనూ ఎండకు పట్టి చదువుతుంటే అధికారి గడియారం చూసుకున్నాడు.

"అయ్యా, అది దొరికేలోపు నేను నడిపి చూసేస్తా. ఇంకో తాళంచెవి లేదా?"

భార్య బ్యాగులోంచి ఆకుపచ్చ రిబ్బను తాళంచెవి తీసి ఇచ్చింది. అధికారి ఎక్కాడు. గతుకుల దారిలో ఒకసారి పోయి వచ్చాడు. ఎందుకైనా మంచిదని ఇంకోసారి, ఇంకొంచెం వేగంగా పోయి వచ్చాడు. గుండ్రంగా తిప్పాడు, వెనక్కి నడిపాడు. కారు ఒక్కసారి కూడా దగ్గలేదు. ఆవిడ చేతులు రెండూ గుండెల మీద పెట్టుకుని నిలబడింది. ఆ క్షణంలో ఆవిడకు ఆ డొక్కు కారంటే పుట్టిల్లంత ప్రేమ వేసింది.

"బ్రహ్మాండం. బాగానే చేయించారు," అని అధికారి ముద్ర చేతిలోకి తీసుకున్నాడు.

"సార్, ఒక్క నిమిషం," అన్నాడు స్టోర్‌కీపరు. "ఆగలేదా?"

"ఆగలేదు."

"ఆగాలే."

బావమరిది ఆయన తొడ మీద గట్టిగా గిల్లాడు. అక్కడున్నది ఇసుక మూట కావడంతో ఫలితం లేకపోయింది. "ఇదిగోండి సార్, ముప్ఫై మూడుసార్లు! తేదీలతో సహా ఉంది. కారణం తేలకుండా మీరు ముద్రెలా వేస్తారు?"

"ఏమండీ!" అంది భార్య. ఇంచుమించు ఏడుపు గొంతు. "మీకు దండం పెడతాను. ముద్ర ఆయన చేతిలో ఉంది. ఒక్క అరనిమిషం నోరు మూసుకోండి."

స్టోర్‌కీపరు భార్య వైపు తిరిగాడు. గుండీ ఊడిన చొక్కా, చెమటలు కారుతున్న మొహం. "నాతో ఆగితే పర్లేదే. నేను పక్కకి తీసి పుస్తకంలో రాసుకుంటాను. రేపు నువ్వు ఒక్కదానివే పోతుంటే, వెనక లారీ ఉన్నప్పుడు ఆగితే? ఆగినవన్నీ నావి. ఆగబోయేది నీదేమోనని నాకు ఆరు నెలలుగా సరిగ్గా నిద్ర లేదు. కారు పోయినా ఫర్వాలేదు. మడతబల్ల నేనే మోస్తా."

ఆరు నెలలుగా ఈయన పంతమంతా కారు మీద అనుకుంది ఆవిడ. కళ్లు తుడుచుకుని, "సరే, చూపించండి," అంది.

"ఇప్పుడు నా ఎదురుగా ఆగితే నేను పాస్ రాయలేను. ఆలోచించుకోండి," అన్నాడు అధికారి.

"రాయొద్దు సార్," అన్నారు మొగుడూ పెళ్లాలిద్దరూ ఒకేసారి. ఇరవై ఆరేళ్లలో ఇద్దరూ ఒక మాట మీద ఉన్నది అరుదు కనుక బావమరిది నోరెళ్లబెట్టి వెనక సీటెక్కాడు.

స్టోర్‌కీపరు డ్రైవరు సీట్లో కూర్చుని, రిబ్బను తాళంచెవి తీసి భార్యకు ఇచ్చేసి, అలవాటు ప్రకారం తన గుత్తి పెట్టి తిప్పాడు. అధికారి పక్కన, అక్కాతమ్ముళ్లు వెనక. మొదటి గతుకు, రెండో గతుకు. మూడో గతుకు దగ్గర టక్. ఇంజను ఆగింది, దీపాలు ఆరాయి.

"చూశారా!" అన్నాడు స్టోర్‌కీపరు. గెలిచిన మనిషి గొంతు మొదట వచ్చింది, ఓడిన మనిషి మొహం తర్వాత వచ్చింది. అధికారి నిట్టూర్చి కాగితం మీద పెన్ను పెట్టాడు.

వెనక సీట్లోంచి ముందుకు వంగిన ఆవిడ మాత్రం కాగితాన్ని చూడడంలేదు. స్టీరింగు కింద ఇంకా గడియారం లోలకంలా ఊగుతున్న గుత్తిని చూస్తోంది. ఇరవై ఏళ్లుగా మోకాలు నొప్పన్నవాళ్లను ఆవిడ మొదట అడిగేది మోకాలి గురించి కాదు, ఏం బరువు మోస్తున్నారని.

"ఒక్క నిమిషం రాయకండి సార్," అంది. చెయ్యి ముందుకు చాపి, పేషంటు మోచేతిని కింద నుంచి ఆనించి పట్టుకున్నట్టు, గుత్తిని అరచేతిలోకి ఎత్తి పట్టుకుంది. "ఇప్పుడు నడపండి."

నడిపాడు. ఆరు గతుకులు దాటాయి, పన్నెండు దాటాయి. కారు పోతూనే ఉంది. "ఇప్పుడు వదిలేస్తున్నా," అంది. వదిలింది. తర్వాతి గతుకు దగ్గర టక్.

అధికారి వంగి, తాళం పెట్టే చోటు వేలితో కదిపి చూశాడు. "లోపల స్విచ్చి అరిగిపోయిందండీ. ఒంటి తాళంచెవి అయితే ఏ ఇబ్బందీ లేదు. ఈ గుత్తి బరువుకి కుదుపు వచ్చినప్పుడల్లా తాళం వెనక్కి తిరిగిపోతోంది. అంటే ముప్ఫై మూడుసార్లూ..."

"ముప్ఫై ఐదు," అన్నాడు స్టోర్‌కీపరు నీరసంగా.

"ముప్ఫై ఐదుసార్లూ కారు ఆగలేదు. మీరే తాళం తీసేశారు."

భార్య గుత్తిని చేత్తో ఎగరేసి చూసింది. "ముప్పావు కేజీ పైనే. కొత్త మోకాలికి ఇంత బరువు కట్టాలంటే నేను ఆరు వారాలు ఆగుతాను. దీనికి ఆరు నెలల నుంచి వేలాడదీశారు."

"చంకలో పిల్లాణ్ని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది బావా," అన్నాడు బావమరిది. డైరెక్టు లైను సంగతి ఎవరికైనా గుర్తొచ్చేలోపు ఏదో ఒకటి అనేయాలి కదా.

అధికారి చాలాసేపు ఆలోచించాడు. చివరికి, పాస్ రాయలేనన్న కాగితం మీదే, 'వాహనము బాగున్నది, వారములో తాళము స్విచ్చి మార్చవలెను, ఒంటి తాళంచెవి మాత్రమే వాడవలెను' అని రాసి ముద్ర కొట్టాడు. ఆవిడ సంతకం పెట్టింది. మిగిలిన పదకొండు బండ్లవాళ్లూ ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొట్టారు.

తిరుగుదారిలో ఆవిడే నడిపింది. పక్కన స్టోర్‌కీపరు పుస్తకం తెరిచి, ముప్ఫై నాలుగు, ముప్ఫై ఐదు వరసలు పూర్తిచేసి, ఇంతకాలం ఖాళీగా ఉన్న 'కారణం' అన్న చోట 'స్టోర్స్ విభాగం' అని రాసి, కింద సంతకం పెట్టాడు.

"నా కోసం నిద్ర మానేశానని ముందే చెప్పొచ్చుగా," అంది ఆవిడ, రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా.

"కారణం తేలకుండా ఏం చెప్పను?" అన్నాడు ఆయన. పెన్ను మూత పెట్టకుండానే, "తొమ్మిదేనా?" అన్నాడు.

"పది," అంది ఆవిడ. "ఈ మాట పుస్తకంలో ఎక్కించారంటే ఊరుకోను."

ఇంటికి వచ్చేసరికి రెండయింది. ఫ్రిజ్ మీది నాలుగు గళ్లలో రెండింటికి టిక్కు పడింది. భోజనం అవగానే స్టోర్‌కీపరు ఇనుప రింగు విప్పి, పదిహేడో నంబరు తాళంచెవిని గుత్తిలోంచి విడదీశాడు. భార్య ఇచ్చిన ఆకుపచ్చ రిబ్బను ముక్కను దానికి ముడివేశాడు. ఒంటరిగా ఉన్న తాళంచెవి ఎక్కడైనా పోతుందేమోనని దానికోసం గుమ్మం పక్కన గోడకు ఒక చిన్న చెక్కపెట్టె బిగించి, తాళం వేసి, ఆ తాళంచెవిని గుత్తిలో చేర్చాడు.